ఏడుగురి ‘మంచిగుంది’: కాటేదాన్‌లో ఒక రుచి ప్యానెల్ కేసు

“మేడం, మావాళ్లకు ధైర్యం తక్కువ. ఒక మోటివేషన్ క్లాస్ తీసుకోండి. రెండు గంటలు చాలు, టిఫిన్ మేమే పెడతాం.”

ఫోన్ చేసినాయన కాటేదాన్ పారిశ్రామికవాడలో ఒక చిన్న యూనిట్ ఓనర్. సకినాలు, చెక్కలు, కారప్పూస చేసి ప్యాకెట్లలో అమ్ముతారు. తండ్రి ఇంటి వెనక పొయ్యి పెట్టి మొదలుపెట్టాడు, కొడుకు షెడ్డు వేశాడు. దిల్‌సుఖ్‌నగర్, మల్కాజిగిరి, కూకట్‌పల్లి దుకాణాలకు సరుకు వెళ్తుంది, సంక్రాంతి ముందయితే అమెరికా పార్సిళ్లకు కూడా. ఆ వేసవిలో ప్యాకెట్లు వెనక్కి రావడం మొదలైంది. డేట్ ఇంకా ఉంది, కానీ కవర్ చింపగానే పాత నూనె వాసన.

వాసన ఎందుకొస్తోందో చూడటానికి వేరేవాళ్లు ఉన్నారు. నూనె, కవర్, సీలు, గోదాములో వేడి, అన్నీ కారణాలే. నన్ను పిలిచింది ఇంకో సంగతికి. తయారైన ప్రతి లాట్‌లోనూ కొన్ని ప్యాకెట్లు పక్కన దాచి, పదిహేను రోజులకొకటి, నెలకొకటి విప్పి రుచి చూసే పద్ధతి వాళ్లకు ముందునుంచే ఉంది. రోజూ పొద్దున పదిన్నరకు ఏడుగురు కూర్చుని తింటారు, రిజిస్టరులో సంతకం పెడతారు. వెనక్కొచ్చిన లాట్ నంబర్లు పట్టుకుని రిజిస్టరు తిరగేస్తే ప్రతి దానికీ ఏడు సంతకాలు, పక్కన ఒకటే మాట: మంచిగుంది.

మోటివేషన్ క్లాసులు నేను తీసుకోను. తీసుకున్న రోజుల్లో వాటివల్ల మారిన ఫ్యాక్టరీ ఒక్కటీ కనబడలేదు. మూడు రోజులు ఊరికే కూర్చుని చూస్తానని చెప్పాను.

ఈ కేసు రాయడానికి ఏడుగురూ ఒప్పుకున్నారు. యూనిట్‌ను గుర్తుపట్టే వివరాలు మార్చాను. మాస్టర్ తన గురించి రాసిందంతా చదివించుకుని విన్నాడు, ఒక మాట తీసేయమన్నాడు, తీసేశాను.

మొదటి రోజు

ఆరాంఘర్ చౌరస్తాలో ఆటో దొరక్క కాస్త ఆలస్యంగా వెళ్లాను. ఆఫీసు గదిలో బల్ల మీద స్టీలు పళ్లెం, అందులో ముక్కలు చేసిన సకినాలు, పక్కన చాయ్ గ్లాసులు. మధ్య కుర్చీలో మాస్టర్. ముప్పై ఏళ్లుగా కడాయి ముందు నిలబడ్డ మనిషి, జగిత్యాల వైపు నుంచి ఓనర్ వాళ్ల నాన్నతో కలిసి వచ్చాడు. ఆయన చుట్టూ ఓనర్, ప్రొడక్షన్ సూపర్‌వైజర్, అకౌంటెంట్, డిస్పాచ్ చూసే ఆయన. తలుపు దగ్గర ప్యాకింగ్ చూసుకునే అక్క. చివర స్టూల్ మీద క్యూసీ, అంటే సరుకు నాణ్యత చూసే అమ్మాయి, ఫుడ్ టెక్నాలజీలో డిగ్రీ, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు.

మాస్టర్ ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. కళ్లు మూసి నమిలాడు. కళ్లు తెరిచి చుట్టూ ఒకసారి చూసి, “మంచిగుంది” అన్నాడు.

అక్కణ్నుంచి మాట వరసగా నడిచింది. ఓనర్ “మంచిగుంది.” సూపర్‌వైజర్ తల ఊపాడు. అకౌంటెంట్ ముక్క ఇంకా నోట్లో ఉండగానే ఊ అన్నాడు. నా చేతిలోనూ ఒక ముక్క పెట్టారు. నేను తిన్నాను. ముందు నువ్వులు, వాము. తర్వాత గొంతులోకి దిగేటప్పుడు, ముక్కు వెనక వైపు, మూతపెట్టి మర్చిపోయిన కొబ్బరినూనె సీసా లాంటి వాసన. అందరూ నా వైపు చూస్తున్నారు.

“బాగుంది,” అన్నాను.

ఇది రాయడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. జనం నలుగురితో పాటు ఎందుకు తలూపుతారన్నదే నేను చదివిన చదువు. నాకు జీతమిచ్చే మాస్టర్ కాదాయన. అయినా నోట్లోంచి ఆ మాటే వచ్చింది. ఆలోచించి అబద్ధమాడలేదు. ఆ అరక్షణంలో నా తలలో తిరిగింది ఇది: వీళ్లు రోజూ తినేవాళ్లు, నేను కొత్త, సకినాలంటే బహుశా ఇలాగే ఉంటాయేమో, మొదటి రోజే ఎందుకు లేనిపోని పేచీ. జాగ్రత్తగా చూస్తే అందులో రెండు వేర్వేరు కారణాలు ఉన్నాయి. అవి విడదీయడమే ఈ కేసంతా. ఆ రోజు మాత్రం అది నాకు తెలియలేదు. మాస్టరంటే భయం, అంతే అనుకుని నోట్‌బుక్కులో రాసుకున్నాను. తప్పు రాసుకున్నాను.

గీతలు కొలిచిన ఆయన

ఇక్కడ సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఆ బల్ల దగ్గర జరిగింది దాదాపు ఆయన ప్రయోగమే. 1951లో, మళ్లీ 1956లో ఆయన అమెరికాలో అచ్చువేసిన ఆ ప్రయోగాలు చాలామందికి తెలిసినవే. ఒక కార్డు మీద ఒక గీత, ఇంకో కార్డు మీద మూడు గీతలు. ఆ మూడింట్లో మొదటిదానంత పొడవున్నది ఏదో పైకి చెప్పాలి. చిన్నపిల్లలు కూడా చెప్పగలిగేంత తేలిక. గదిలో ఒక్కడే నిజమైన అభ్యర్థి, మిగతావాళ్లందరూ ఆష్ ముందే మాట్లాడిపెట్టుకున్నవాళ్లు. పద్దెనిమిది సార్లలో పన్నెండు సార్లు వాళ్లందరూ ఒకే తప్పు జవాబు చెప్తారు. అసలు మనిషి వంతు చివర్లో వస్తుంది.

ఆయన 123 మందిని అలా కూర్చోబెట్టాడు. ఆ పన్నెండు వంతుల్లో వచ్చిన జవాబుల్లో సుమారు 37 శాతం గుంపు చెప్పిన తప్పు జవాబులే. ఒంటరిగా రాయమన్నవాళ్లు ఒక శాతం కూడా తప్పలేదు. నలుగురిలో ముగ్గురు కనీసం ఒక్కసారైనా గుంపుతో వెళ్లారు. తరగతి గదుల్లో సాధారణంగా ఇక్కడే ఆపేస్తారు, మనిషి గొర్రె అని తేల్చేస్తారు. కానీ అదే లెక్కలో నలుగురిలో ఒకరు ఒక్కసారి కూడా లొంగలేదు, మూడింట రెండు వంతుల జవాబులు సరైనవే. ఆష్‌ను ఆశ్చర్యపరిచింది రెండు వైపులూ.

నాకు పనికొచ్చింది ఆ శాతాల కన్నా, తర్వాత ఆయన ఒక్కొక్కరితో కూర్చుని మాట్లాడి రాసుకున్నది. గుంపుతో వెళ్లినవాళ్లు మూడు రకాలుగా కనబడ్డారు. చాలా కొద్దిమందికి నిజంగానే తప్పు గీతే సమానంగా కనబడింది. ఎక్కువమందికి సరైనదే కనబడింది, కానీ తమ కళ్లే ఎక్కడో మోసం చేస్తున్నాయనుకున్నారు. మూడో రకానికి తాము కరెక్టని తెలుసు, తేడాగా కనబడటం ఇష్టం లేక అలా అన్నారు. బయటికి ముగ్గురూ ఒకే మాట అంటారు. లోపల ముగ్గురివీ మూడు కథలు.

ఆ పద్ధతే పట్టుకుని నాలుగో రోజు నుంచి ఏడుగురితో విడివిడిగా కూర్చున్నాను. గోదాములో, క్యాంటీన్ బెంచీ మీద, ఎక్కడ వాళ్లకు వీలైతే అక్కడ.

విడివిడిగా

ప్యాకింగ్ అక్కకు మొహమాటం లేదు. “తెల్సు మేడం. నోట్లె పెట్టుకుంటనే తెలుస్తది నాకు. ఇంట్ల నూనె మారితే మా కోడలి కన్నా ముందు నేనే పట్టుకుంట. కని మాస్టర్ అన్నంక నేనెట్ల కాదంట? ఆయన నన్ను పనిల పెట్టిచ్చిన మనిషి.”

అకౌంటెంట్ మాట పూర్తిగా వేరు. “నాకేదో తేడాగానే అనిపించింది. కానీ నేను జర్దా వేస్తానండి. నా నాలుకను నేనే నమ్మను. అంతమందికి బాగున్నది నాకొక్కడికే బాగాలేకపోతే తప్పెవరిది?” ఈయనకు మాస్టరంటే భయమేమీ లేదు. మాస్టర్ జీతం రాసేది ఈయనే.

డిస్పాచ్ ఆయన నిజాయితీగా ఆశ్చర్యపోయాడు. “వాసనా? నాకేం రాలే. మంచిగనే ఉండె గద.” నేను రెండు మూడు రకాలుగా తిప్పి అడిగాను. దాచిపెడుతున్నట్టు అనిపించలేదు. ఆష్ వార్సాలో పుట్టాడు. ఏడేళ్లప్పుడు యూదుల పస్కా పండుగ రాత్రి వాళ్ల బామ్మ ఇలైజా ప్రవక్త కోసమని ఒక గ్లాసు ద్రాక్షసారా అదనంగా పోసిందట. తలుపు తెరిచాక కళ్లార్పకుండా చూడు, సారా కొంచెం తగ్గుతుందని ఎవరో పెద్దాయన చెబితే, పిల్లాడికి తగ్గినట్టే కనబడిందట. డిస్పాచ్ ఆయనతో మాట్లాడుతుంటే నాకు ఆ పిల్లాడే గుర్తొచ్చాడు.

క్యూసీ అమ్మాయి మొదట ఏమీ చెప్పలేదు. చాయ్ అయిపోయాక చెప్పింది. చేరిన రెండో వారంలో చెక్కల ప్యాకెట్ ఒకటి తిని, “ఇది కొంచెం వాసన వస్తోంది సార్” అంది. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అందరూ ఆమెకే చెప్పడం మొదలుపెట్టారు: నువ్వుల వాసన అట్లనే ఉంటుందని, ఏసీ గదిలో చదివిన ముక్కుకు అలాగే అనిపిస్తుందని, మళ్లీ తినమని. మళ్లీ తింది. మళ్లీ అదే అంది. నవ్వారు. అప్పట్నుంచి షెడ్డులో ఆమె పేరు ‘ముక్కు మేడం’. ప్రేమగానే అంటారు, ఆమే చెప్పింది. కానీ మూడో నెల నుంచి ఆమె కూడా మంచిగుందనే రాస్తోంది.

స్టాన్లీ షాక్టర్ 1951లో చూపించింది ఇదే వరస. గుంపులో ఒకడు తేడాగా మాట్లాడితే ముందు అందరి మాటలూ వాడి వైపే తిరుగుతాయి, ఒప్పించాలని చూస్తారు. అప్పటికీ వాడు మారకపోతే ఆ గుంపు వాణ్ని మెల్లగా పక్కన పెడుతుంది, ఎవరూ కోరుకోని పనులకు వాడి పేరు రాస్తుంది. ఆ అమ్మాయికి తర్వాత అప్పగించిన పని ఏమిటో అడిగాను. గోదాములో ఎలుకల బోన్ల రిజిస్టరు.

నా మొదటి అంచనా ఇక్కడ కూలింది. అందరూ మాస్టర్‌కు భయపడుతున్నారన్నది ఒక్క అక్క విషయంలో, కొంతవరకు ఆ అమ్మాయి విషయంలో సరిపోయింది. మిగతావాళ్లది భయం కాదు. 1955లో మోర్టన్ డాయిచ్, హెరాల్డ్ జెరార్డ్ ఈ రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టారు. నలుగురిలో చెడ్డ అనిపించుకోకూడదని ఒప్పుకోవడం ఒకటి. నలుగురి మాటనే సమాచారంగా తీసుకుని, వాళ్లకు తెలిసినంత నాకు తెలియదనుకుని ఒప్పుకోవడం రెండోది. మొదటిదాన్ని మనం మొహమాటం అంటాం. రెండోదానికి తెలుగులో చేతికి వచ్చే పేరు లేదు, బహుశా అందుకే దాన్ని కూడా మొహమాటం ఖాతాలోనే రాసేస్తాం. మొహమాటానికి మందు చాటు. ఎవరేమన్నారో తెలియకపోతే చాలు, మనిషి నిజం చెప్తాడు. రెండోదానికి చాటు చాలదు. తన నాలుక పనిచేస్తుందని ఆ మనిషికి ముందు రుజువు దొరకాలి. ఓనర్ అడిగిన ధైర్యం క్లాసు ఈ రెండింటికీ పనికిరాదు.

మూడు గిన్నెలు

కాబట్టి ముందు నాలుకల లెక్క తీశాం. రుచి పరిశ్రమలో వాడే త్రికోణ పరీక్ష ఇది, పెద్ద సామాను అక్కర్లేదు. మూడు గిన్నెలు. రెండింట్లో ఒకే సరుకు, ఒకదాంట్లో వేరేది. వేరేది ఏదో పట్టుకోవాలి. నేను నిన్నటి కారప్పూస, వెనక్కొచ్చిన లాట్‌లోని కారప్పూస తీసుకున్నాను. ఒక్కొక్కరూ ఒంటరిగా, స్టోర్ రూములో, మధ్యమధ్య నీళ్లు తాగుతూ ఆరు సార్లు.

కళ్లు మూసుకుని ఏదో ఒకటి చూపించినా ఆరింట్లో రెండు తగులుతాయి. ఊహతోనే ఐదు, ఆ పైన తగలడం నూటికి రెండు సార్లు కూడా జరగదు. అక్కకు, క్యూసీ అమ్మాయికి ఆరుకు ఆరు. ఓనర్‌కు, సూపర్‌వైజర్‌కు ఐదేసి. జర్దా అకౌంటెంట్‌కు కూడా ఐదు! కాగితం చూపిస్తే చాలాసేపు నమ్మలేదు, నేనే ఏదో సాయం చేశాననుకున్నాడు. డిస్పాచ్ ఆయనకు నాలుగు. ఊహతో అంత రావడం పదింట ఒకసారి జరుగుతుంది కాబట్టి అది అటూ కాదు, ఇటూ కాదు. కానీ ఒంటరిగా తిన్నప్పుడు తేడా తెలిసిందని ఆయనే అన్నాడు.

మాస్టర్‌కు రెండు.

ఆరు సార్లంటే చిన్న లెక్కే, దాన్నిబట్టి ఒక మనిషి మీద తీర్పు చెప్పకూడదు. నేనేమీ అనలేదు, కాగితం మడిచి పెట్టుకున్నాను. సాయంత్రం వెళ్లిపోతుంటే ఆయనే పిలిచాడు. కడాయి దగ్గరికి రమ్మన్నాడు. సకినాలు వేగుతున్నాయి, జాలీ గంటె చేతిలో ఉంది.

“ఇను,” అన్నాడు.

విన్నాను. నూనె చప్పుడు.

“ఇప్పుడు గలగల అంటుంది గద. ఇగ సన్నగైతది. సన్నగైనంక పది లెక్కవెట్టి తీయాలె. నేను ముక్కుతోని చేస్త లేను బిడ్డా. చెవుతోని చేస్తున్న.”

2021లో ఆయనకు పెద్ద జ్వరం వచ్చింది. రుచి, వాసన రెండూ పోయాయి. రుచి వచ్చింది, వాసన రాలేదు. ఉప్పు తెలుస్తుంది, పులుపు తెలుస్తుంది, కారం మంట తెలుస్తుంది, అవి వాసనతో పని లేకుండా నోటికే తెలిసేవి. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు, ఆయనకు కూడా చాలాకాలం పెద్ద నష్టంగా అనిపించలేదు. కానీ నూనె పాడైతే పుట్టే ఆల్డిహైడ్లు పట్టుకోవాల్సింది ముక్కే. నమిలేటప్పుడు గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కే గాలిలోనే అవి దొరుకుతాయి. ఆ దారి ఆయనకు మూసుకుపోయింది.

మరి రోజూ ముందుగా మంచిగుందని ఎలా అంటున్నారని అడిగాను.

“మొఖాలు చూస్త. ఎవ్వరు మొఖం చిట్లియ్యరు. అందరు మంచిగుందంటుంటే మంచిగనే ఉందనుకున్న.”

అప్పుడు నాకు మొదటి రోజు సంగతి గుర్తొచ్చింది. కళ్లు తెరిచాక ఆయన చుట్టూ ఒకసారి చూశాడు, తర్వాతే మాట అన్నాడు. దాన్ని నేను పెద్దరికం అనుకుని రాసుకున్నాను. వాళ్లేమో మాస్టర్ ఏమంటాడోనని మొహంలో ఏదీ కనబడనీయకుండా కూర్చుంటారు. కనబడని మొహాలు చూసి ఆయన బాగుందనుకుంటాడు. ఆయన బాగుందన్నాడు కాబట్టి వాళ్లు బాగుందంటారు. ఏడుగురిలో ఆ అభిప్రాయం సొంతంగా ఉన్నవాళ్లు ఎవరున్నారని వెతికితే ఒక్కరూ దొరకరు.

1968లో బిబ్ లతానే, జాన్ డార్లీ ఒక గదిలోకి గోడకున్న చిన్న రంధ్రంలోంచి పొగ వదిలారు. ఒంటరిగా ఉన్నవాళ్లలో 75 శాతం లేచి వెళ్లి చెప్పారు. పక్కన ఇద్దరు ఏమీ పట్టనట్టు కూర్చుంటే చెప్పింది పది శాతమే. ఎదుటివాళ్ల ప్రశాంతమైన మొహం చూసి, ప్రమాదం లేదని మనం చదువుకుంటాం. ఆ మొహం కూడా మన మొహం చూసే ప్రశాంతంగా ఉందని తట్టదు.

మాస్టర్ సంగతి ఓనర్‌కు చెప్పాల్సింది నేను కాదని నిర్ణయించుకున్నాను. ఆయనతోనూ అదే అన్నాను. నాలుగు రోజులు ఆగి ఆయనే చెప్పాడు. కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రికి ఓనరే వెంట తీసుకెళ్లాడు.

ముంత

నేను మొదట పెట్టించిన పద్ధతి పూర్తిగా ఫెయిలైంది. అందరికీ చీటీలు ఇచ్చాం: తినండి, మాట్లాడకుండా రాయండి, మడిచి డబ్బాలో వేయండి. ఆష్ ప్రయోగాల్లో జవాబు పైకి చెప్పకుండా రాసుకునే వీలిచ్చినప్పుడు గుంపుతో వెళ్లడం బాగా తగ్గింది, దాన్నే నమ్ముకున్నాను. వారం తర్వాత చీటీలు విప్పితే అన్నిట్లోనూ మంచిగుంది. పాడైన ప్యాకెట్ విప్పిన రోజు చీటీలు కూడా వాటిల్లో ఉన్నాయి.

కారణాలు వెతికితే చిన్నవే. అక్కకు రాయడం అలవాటు లేదు, పక్కనున్న సూపర్‌వైజర్‌తో రాయించుకుంటోంది. అకౌంటెంట్ దస్తూరీ షెడ్డంతా గుర్తుపడుతుంది. పైగా పదిన్నరకు ముందు పదింటికి చాయ్ దగ్గర అందరూ కలుస్తారు, ఆ రోజు ఏ లాట్ విప్పుతున్నారో, అది ఎలా ఉండొచ్చో అక్కడే మాటల్లో తేలిపోతుంది. రుచి గదిలోకి రాకముందే రుచి నిర్ణయమైపోతోంది.

చీటీలు తీసేశాం. ఒక్కొక్కరికీ ఒక పల్లీ గింజ, ఒక శనగ గింజ. పల్లీ అంటే బాగుంది, శనగ అంటే అనుమానం. స్టోర్ రూములో స్టూల్ మీద రెండు మట్టి ముంతలు. ఒక్కొక్కరే లోపలికి వెళ్లి, తిని, చెప్పదలచుకున్న గింజ ఎడమ ముంతలో వేసి, మిగిలినది కుడి ముంతలో వేసి ఖాళీ చేతులతో బయటికి రావాలి. శాంపిల్ మీద లాట్ నంబరు ఉండదు. చాయ్ రుచి అయ్యాకే.

మొదటి రోజే మాస్టర్ బయట కూర్చుని నవ్వాడు. “పల్లి పడ్డ చప్పుడు వేరే, శనగ పడ్డ చప్పుడు వేరే. నేను ఈడ కూసోని లెక్క చెప్త.” నిజంగానే చెప్పాడు, ఒక్కటి కూడా తప్పలేదు. ముంతల అడుగున పాత చీర ముక్కలు పరిచాం. ఆయన మళ్లీ విని, ఇప్పుడు తెలుస్తలేదని ఒప్పుకున్నాకే మొదలుపెట్టాం.

ఇంకో రెండు మార్పులు చేశాం. వారంలో ఏదో ఒక రోజు, ఎప్పుడో ఎవరికీ చెప్పకుండా, పాడైందని ముందే తెలిసిన ప్యాకెట్ నేను కలిపేదాన్ని. సాయంత్రం అది ఏదో అందరికీ చెప్పేదాన్ని. శనగ వేసినవాళ్లకు తమ నాలుక సరిగ్గానే పట్టిందని తెలుస్తుంది, మిగతావాళ్లకు ఇంకోసారి రుచి చూసుకునే అవకాశం. అకౌంటెంట్ కోసం, డిస్పాచ్ ఆయన కోసం చేసిన ఏర్పాటిది. రెండోది, ఒక్క శనగ పడినా అదే లాట్‌లో ఇంకో రెండు ప్యాకెట్లు విప్పాలి. ఎవరు వేశారని అడగకూడదు. ఆష్ ఇంకో సంగతి కూడా గమనించాడు: అభ్యర్థితో పాటు ఇంకొక్కడు సరైన జవాబు చెబితే చాలు, గుంపు ఒత్తిడి దాదాపు నాలుగో వంతుకు పడిపోయింది. ఎవరో తెలియకపోయినా ముంతలో ఇంకో శనగ ఉందని తెలియడం, అక్క లాంటి మనిషికి, ఆ ఒక్కడి పని చేస్తుందనుకున్నాను.

మాస్టర్‌కు ఎడమ ముంత గింజలు లెక్కపెట్టే పని ఇచ్చాం. నిజానికి ఇచ్చింది మేము కాదు, ఆయనే తీసుకున్నాడు. మధ్య కుర్చీ అలాగే ఉంది. ముంత ఆయన ముందుకే వస్తుంది, పళ్లెంలో ఒంపి, వేలితో విడదీసి ఆయనే పైకి చెప్తాడు. పెద్దాయన పరువు దగ్గర నేను రాజీపడ్డానని ఒక స్నేహితురాలు విమర్శించింది. రాజీయే. రాడ్ బాండ్, పీటర్ స్మిత్ 1996లో 17 దేశాల్లో జరిగిన 133 ఆష్ తరహా ప్రయోగాలను కలిపి చూసి, కుటుంబం, సమూహం ముందు అనుకునే సమాజాల్లో గుంపుతో వెళ్లడం ఎక్కువని తేల్చారు. దాన్ని మన పిరికితనానికి సర్టిఫికెట్‌గా చదివేవాళ్లున్నారు. నాకు అలా కనబడదు. అక్క మాస్టర్ మాట కాదనకపోవడంలో ఇరవై ఏళ్ల కృతజ్ఞత ఉంది. దాన్ని తీసేసి ఫ్యాక్టరీ నడపమంటే ఆ ఫ్యాక్టరీ నడవదు. ఆ కృతజ్ఞతకు సకినాల రుచి మీద ఓటు లేకుండా చేస్తే చాలు.

శనగల వారం

మూడో వారంలో అక్కే అయ్యుంటుంది, లేదా ఆ అమ్మాయి, కలిపిన ప్యాకెట్‌కు రెండు శనగలు పడ్డాయి. నాలుగో వారంలో నాలుగు. క్యూసీ డ్రాయర్‌లో బ్యాటరీ అయిపోయి పడున్న నూనె మీటరు కూడా బయటికి వచ్చింది. వేపుడు నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్, అంటే నూనె మళ్లీమళ్లీ కాగితే పెరిగే పదార్థాలు, 25 శాతం దాటకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నియమం 2018 జూలై 1 నుంచి అమల్లో ఉంది. ఆ మీటరు చూపించేది అదే. బ్యాటరీ వేసి రాత్రి షిఫ్టు కడాయిలో పెడితే అంకె 25 దాటింది. మీటరుకు మొహమాటం లేదు.

ఓనర్‌కు పట్టలేని సంతోషం. పొద్దున అందరి ముందూ, “మొదట్నుంచీ కరెక్ట్‌గా చెప్పింది మన క్యూసీ మేడం ఒక్కతే” అని మెచ్చుకున్నాడు. నేను ఆ రోజు లేను.

ఆ తర్వాతి వారమంతా శనగలే. నిన్న సాయంత్రం వేయించిన, ఏ తప్పూ లేని చెక్కలకు కూడా ఐదు శనగలు. ఓనర్ మళ్లీ ఫోన్ చేశాడు, ఈసారి కంగారుగా: “మేడం, అన్నీ పాడైనయట!” పాడవలేదు. తప్పు పట్టుకోవడం మంచి పని అని అందరికీ తెలిసింది, అంతే. గుంపు ఇటు నుంచి అటు జరిగింది. ఎవరి గింజ ఏదో తెలియకపోయినా, గాలి ఎటు వీస్తోందో తెలిస్తే మనిషి నాలుక అటు తిరుగుతుంది. ముజఫర్ షెరీఫ్ 1935లో చీకటి గదిలో, కదలకపోయినా కదిలినట్టు కనబడే వెలుగు చుక్కను చూపించి ఎంత కదిలిందని అడిగితే, కలిసి కూర్చున్నవాళ్ల అంచనాలు ఒకచోటికి చేరాయి, తర్వాత ఒంటరిగా అడిగినా అక్కడే నిలిచాయి. కొత్త కొలబద్ద కూడా కొలబద్దే.

ఓనర్‌ను మెచ్చుకోవద్దన్నాను, తిట్టొద్దన్నాను, ముంత రోజుల్లో గదిలో ఉండొద్దన్నాను. మూడోది ఆయనకు నచ్చలేదు కానీ ఒప్పుకున్నాడు. పాడైన ప్యాకెట్లతో పాటు, తాజా సరుకని ముందే తెలిసిన ప్యాకెట్లు కూడా కలిపి సాయంత్రం చెప్పడం మొదలుపెట్టాను. ఊరికే శనగ వేసినా అది తప్పేనని తెలిసింది. పది రోజుల్లో సర్దుకుంది.

మూడు నెలల తర్వాత

దుకాణాల నుంచి వెనక్కొచ్చే ప్యాకెట్లు తగ్గాయి. అది ముంత వల్లేనని నేను చెప్పను. అదే సమయంలో నూనె మార్చే రోజులు మార్చారు, కవర్ మందం పెంచారు, వేసవి కూడా వెళ్లిపోయింది. నేను చెప్పగలిగింది ఒక్కటే: కలిపిన పాడు ప్యాకెట్లలో ఈ మధ్య ఒక్క శనగ కూడా పడకుండా దాటిపోయింది లేదు. ఎలుకల బోన్ల రిజిస్టరు ఇంకా ఆ అమ్మాయి దగ్గరే ఉంది. ‘ముక్కు మేడం’ అనే పేరూ పోలేదు, కానీ ఇప్పుడు డిస్పాచ్ ఆయన ఆ పేరుతో పిలిచి తన ప్యాకెట్ ఆమెకు వాసన చూపిస్తున్నాడు.

చివరిసారి వెళ్లిన రోజు నాకూ రెండు గింజలు ఇచ్చారు. స్టోర్ రూములో ఒంటరిగా సకినం ముక్క నమిలాను. ఏదో ఘాటు వాసన తగిలింది. ఈసారి ఆలోచించలేదు, శనగ వేశాను. మాస్టర్ ముంత ఒంపి వేలితో విడదీసి, “ఒకటి ఉంది” అన్నాడు. ఎవరూ ఎవరిదని అడగలేదు. అమ్మాయి లేచి అదే లాట్‌లో ఇంకో రెండు ప్యాకెట్లు తెచ్చింది. మళ్లీ గింజలు, మళ్లీ ముంత. అన్నీ పల్లీలే. రెండూ బాగున్నాయి, నేను తిన్నదీ బాగానే ఉండి ఉంటుంది. ఆరాంఘర్ నుంచి వచ్చేటప్పుడు ఆటోలో ఇలాచీ నమిలిన సంగతి నాకప్పుడు గుర్తొచ్చింది.